సీసా చూసి కాఫీ పొడి కొనండి

కాఫీ పొడి వాసన చూసి కొనమని పెద్దవాళ్ళు చెబుతారు. నేను సీసా చూసి కొనమంటాను. మూతిలో చెయ్యి దూరుతుందా, మూత మరలు గట్టిగా పడుతున్నాయా, అడుగు చదునుగా ఉందా, పక్కలు నొక్కులు లేకుండా తిన్నగా ఉన్నాయా? ఇవన్నీ చూసుకున్నాకే లోపలున్న పొడి సంగతి. పొడి నెల తిరక్కుండా అయిపోతుంది. సీసా మన పిల్లల పెళ్ళిళ్ళ దాకా ఉంటుంది. జామ్ అయినా తేనె అయినా అంతే. రెండు కంపెనీల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే మంచి సీసాలో ఉన్నదే తెచ్చుకోండి. రుచికి నాలుగు రోజుల్లో అలవాటు పడతారు. ఇరుకు మూతి సీసాకి మాత్రం ఎన్నేళ్ళయినా అలవాటు పడలేరు. అడుగున మిగిలిన మెంతిపొడి కోసం ప్రతిసారీ స్పూను వెనక్కి తిప్పి గీకుతూనే ఉంటారు.

ఇప్పుడు ఎక్కడ చూసినా ఇల్లు ఖాళీ చెయ్యమనే సలహాలే. ఏడాదిగా ముట్టుకోని వస్తువు బయట పడెయ్యమంటారు, అలమర తెరిస్తే గాలి ఆడాలంటారు. మా అమ్మ వడియాలు పెట్టే పాత పంచె అటక మీంచి ఏడాదికి ఒక్క వేసవిలోనే దిగుతుంది. వడియాలు ఎండాక పంచె తిరగేసి వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే ఒక్కొక్కటీ విరక్కుండా ఊడివస్తుంది. అరిగి మెత్తబడిన నూలు గుడ్డ చేసే పని అది. ఏడాది లెక్క పెట్టుకుంటే ముందు పోయేది ఆ పంచే. అందుకే ఆ లెక్క నేను ఒప్పుకోను.

నా సలహా వేరు. అమ్మ అలవాట్లలో నచ్చినవి ఏరుకోకండి, మొత్తం తీసుకోండి. సగం తీసుకున్నవాళ్ళ ఇళ్ళే చెత్తగా తయారవుతాయి. దాచడం ఒక్కటీ నేర్చుకుని కడగడం, ఆరబెట్టడం, మడత పెట్టడం వదిలేస్తే మిగిలేది జిడ్డు సీసాలూ పులుపు వాసన కవర్లే. అమ్మ దాచినవాటికి ఎప్పుడైనా వాసన వచ్చిందేమో గుర్తుచేసుకోండి.

విప్పండి, చింపకండి

ఏ వస్తువైనా రెండోసారి పనికొస్తుందా లేదా అన్నది మొదటిసారి తెరిచినప్పుడే తేలిపోతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా విద్యంతా దానంతట అదే వస్తుంది. కాబట్టి ఆకలి మీద ఉన్నా, స్టవ్ మీద నీళ్ళు కాగుతున్నా, ఏ ప్యాకెట్టూ పళ్ళతో చింపకండి. కత్తెర తెచ్చుకునే దాకా వంట ఆగనివ్వండి. నేను ఆపుతాను.

బియ్యం బస్తాతో మొదలుపెట్టండి. పాతిక కిలోల బస్తా మూతి కుట్టు మిషను మీద గొలుసుకుట్టుగా వేస్తారు. ఒకవైపు నుంచి చూస్తే అది సూటి గీతలా కనిపిస్తుంది, రెండోవైపు గొలుసులా అల్లుకుని ఉంటుంది. చాకు పెట్టి కోస్తే దారం ముక్కలు ముక్కలుగా బియ్యంలో పడుతుంది, బస్తా అంచు పీచులు లేస్తుంది. మా అమ్మ సూటి గీత తనవైపు పెట్టుకుని కుడి చివర దారం కొస వేళ్ళతో వదులు చేసి, ఒక కొస పట్టుకుని లాగేది. చిన్న చప్పుడుతో ఈ చివర నుంచి ఆ చివర దాకా కుట్టంతా ఒక్క లాగుడుకి ఊడిపోయేది. అటునుంచి రాకపోతే ఎడమ చివర చూడండి, గొలుసుకుట్టు ఒక చివర నుంచే విడుతుంది. చేతికి రెండు పొడుగాటి దారాలు వస్తాయి. వాటిని పారెయ్యడానికి చెయ్యెలా వస్తుందో నాకు అర్థం కాదు. ఉండ చుట్టి పెట్టుకోండి. కరివేపాకు కట్ట కట్టడానికి, వంగిన మిరపమొక్కని కర్రకి కట్టడానికి, ఉగాదికి మామిడాకులు గుచ్చడానికి అంతకన్నా గట్టి దారం కొన్నా దొరకదు. బస్తా ఎటూ బస్తానే. మిరపకాయలు ఎండబెట్టడానికి, మామిడికాయలు తెచ్చుకోవడానికి, మేడమీద కుండీల కింద మట్టి పడకుండా పరచడానికి ఉంటుంది.

తర్వాత పాల ప్యాకెట్టు. మూల కత్తిరించి ఆ చిన్న ముక్క పడేసేవాళ్ళే ఎక్కువ. ఆ ముక్క ఎక్కడికి పోతుందో ఎవరూ చూడరు. కాలవలోకీ మట్టిలోకీ పోతుంది, చెత్త ఏరేవాళ్ళ చేతికి కూడా దొరకదు. మూల పూర్తిగా తెగకుండా గాటు పెట్టి, ముక్కని ప్యాకెట్టుకే వేలాడనివ్వండి. పాలు పోసేశాక లోపల కాసిని నీళ్ళు పోసి కుదిపి, ఆ నీళ్ళు పాలగిన్నెలోనే వంపండి. అప్పుడు పైఅంచు పొడవునా కత్తిరించి చన్నీళ్ళతో కడగండి. ముందే వేడినీళ్ళు పోస్తే పాలలోని మాంసకృత్తులు గట్టిపడి కవరుకి పట్టుకుంటాయి, వాసన అక్కణ్ణుంచే మొదలవుతుంది. చన్నీళ్ళ తర్వాత సబ్బు. కడిగిన కవరు ఆరేయడానికి తీగ అక్కర్లేదు. సింకు పైన టైల్స్ మీద అరచేత్తో రాస్తే తడికి అదే అతుక్కుంటుంది. ఆరగానే అదే రాలి గట్టు మీద పడుతుంది. రాలిందంటే ఆరిందని అర్థం, మడిచి డబ్బాలో పెట్టడమే తరవాయి.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్ళు సంక్రాంతికి చెక్కలు వత్తి చూడాలి. రెండు వైపులా కోసి విప్పిన అరలీటరు కవరుకి నూనె రాసి, మీద పిండి ఉండ పెట్టి, పైన ఇంకో కవరు వేసి, గిన్నె అడుగుతో ఒక్క నొక్కు నొక్కితే గుండ్రంగా పల్చగా దిగుతుంది, అంచు చీలకుండా చేతిలోకి వస్తుంది. బొబ్బట్లు తట్టడానికీ అదే. ఈ పనికి బజార్లో అచ్చులూ షీట్లూ అమ్ముతున్నారు, కొనకండి. పాల కవరుకి ఉన్న మందం, మెత్తదనం వాటికి లేవు.

సీసా మీద కాగితం ఊడబెరకడానికి రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. కాగితం వచ్చినా జిగురు మిగులుతుంది. కొబ్బరినూనె చుక్క వేసి రుద్ది, పొడి ముగ్గుపిండితో తోమితే పోతుంది. మూతకే వాసన పడుతుంది, సీసాకి కాదు. కాబట్టి మూత లోపలి అట్టబిళ్ళ తీసేసి విడిగా ఎండలో పెట్టండి. గాజు అకస్మాత్తుగా వేడెక్కితే పగులుతుంది, వేడి రసం అందులో పోయకండి. తప్పనిసరైతే స్టీలు గరిటె లోపల నిలబెట్టి కొద్దికొద్దిగా పోయమని అమ్మ చెప్పేది. ఇనప మూత సీసాలో ఊరగాయ పెడితే ఉప్పుకి మూత తుప్పు పట్టకుండా మధ్యలో గుడ్డముక్క వెయ్యాలి. ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టే.

పార్సెళ్ళ అట్టపెట్టెలు, బుడగల కవర్లు, సిల్కు చీర డబ్బాలు, శుభలేఖల వెనకవైపు తెల్ల కాగితం: వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టేపు కత్తెరతో కోసి తీస్తే చాలు, వాటి ఉపయోగం అవే చెబుతాయి.

అమ్మకి అదేమీ పొదుపు కాదు

మా అమ్మ తెనాలిలో పెరిగింది. ఆ రోజుల్లో పచారీ కొట్లో కందిపప్పు కాగితం పొట్లంలో వచ్చేది, మీద పురికొస. నూనె తెచ్చుకోవడానికి గానుగకి సీసా పట్టుకెళ్ళేవాళ్ళు, పాలకి చెంబు. అంటే సరుకు వేరు, అది పట్టుకునే గిన్నె వేరు. గిన్నె ఎప్పుడూ ఇంటిదే. ఆ పద్ధతిలో పెరిగిన మనిషికి ఒకరోజు కొట్టువాడు సరుకుతో పాటు గిన్నె కూడా ఇచ్చి పంపాడు. మూతున్న గాజుసీసా, గట్టి రేకుడబ్బా, నీళ్ళు కారని సంచి. దాన్ని పారెయ్యాలన్న ఊహ రావడానికి ఆమెకి కారణమే లేదు. లేమి వల్ల దాచిందని మనం జాలిపడతాం గానీ, ఇంటికొచ్చిన ఆస్తిని ఆస్తిగా చూసిందంతే. పసుపు రంగు డాల్డా డబ్బాలో తులసి మొక్క వేసినవాళ్ళందరూ అలా చూసినవాళ్ళే. హార్లిక్స్ ఫ్యాక్టరీ మన ధవళేశ్వరంలోనే ఉంది. కోస్తాలో ఏ ఇంటి వంటగదిలో చూసినా గాజు హార్లిక్స్ సీసాలు వరసగా నిలబడి, పప్పులూ పొడులూ పట్టుకుని ఉండేవి. వాటి కోసమే హార్లిక్స్ తాగిన పిల్లలం మేము, అందులో తప్పేమీ కనిపించదు నాకు.

కాబట్టి ఎంత ఆదా అయిందో లెక్క వెయ్యకండి. లెక్క వేస్తే మానేస్తారు. ఉతికిన పాల కవర్లని పాతపేపర్లవాళ్ళు విడిగా, పేపరు కన్నా మంచి ధరకే తీసుకుంటారన్నది నిజమే. కానీ కిలో తూగడానికి కొన్ని వందల కవర్లు కావాలి. పాత చీరలకి స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్ళతో మధ్యాహ్నమంతా బేరమాడితే ఒక గిన్నె వస్తుంది. ఆ గిన్నె ధర, మీ మధ్యాహ్నం ధర పక్కపక్కన రాసుకుంటే మీరే ఓడిపోతారు. రాసుకోవద్దు. ఇంట్లోకి వచ్చిన వస్తువుకి మనం యజమానులం అన్న భావం ఏ లెక్కలోనూ పడదు, నేను ఈ పని చేసేది దానికోసమే.

భూమిని కాపాడుతున్నామని కూడా మొదలుపెట్టకండి. ఆ ఉత్సాహం తొందరగా అలిసిపోతుంది. ప్రభుత్వం 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల కన్నా పల్చని సంచులు వద్దంది, 2022 డిసెంబరు 31 నుంచి ఆ హద్దు 120కి పెంచింది. మధ్యలో 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలూ చెంచాలూ వంటివి ఆపేసింది. సంచి మందం పెరిగితే మళ్ళీ వాడుకోవచ్చని అప్పటి ప్రకటనలోనే ఉంది. అంటే ఆ నిబంధన పనిచెయ్యాలంటే ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక సంచుల సంచి ఒకటి వేలాడాలి. మందమైన సంచిని ఒక్కసారి వాడి పారేస్తే అది పల్చటి సంచి కన్నా ఎక్కువ ప్లాస్టిక్కే. అమ్మ చేసిన పని లేకుండా ఆ చట్టం సగమే నడుస్తుంది.

ఇక్కడ మాత్రం అమ్మ మాట వినకండి

మొత్తం తీసుకోమన్నాను. కొన్ని మినహాయింపులున్నాయి. అమ్మకి తెలిసే అవకాశం లేనివి అవి, తెలిస్తే తనే మానేసేది.

న్యూస్ పేపరు అలమరలో పరచండి, అద్దం తుడవండి, పుస్తకాలకి అట్టలు వెయ్యండి. వేడి బజ్జీలు మాత్రం దాని మీద వెయ్యకండి. అచ్చు సిరాలో సీసంలాంటి లోహాలుండొచ్చు, నూనె తగిలితే తిండికి పడతాయి. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ మాట 2016లో చెప్పింది, 2023లో మళ్ళీ చెప్పింది. బజ్జీల నూనె పీల్చడానికి అరిగిన పంచె ముక్క ఉతికి పెట్టుకోండి. ఆ మిగిలిన నూనె కూడా పదేపదే కాచవద్దు. కాచేకొద్దీ పెరిగే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. ఇంట్లో కొలిచే వీలుండదు కాబట్టి నల్లబడి, నురగ కట్టి, జిగటగా మారిందంటే ఆపెయ్యడమే.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో అంకె చూడండి. 1 ఉంటే అది పెట్ ప్లాస్టిక్, మంచినీళ్ళ సీసాల్లాంటిది. డెబ్బై డిగ్రీల దగ్గరికి వస్తే మెత్తబడిపోతుంది. పొడి సరుకులకి సరే, వేడివి వద్దు, ఊరగాయ అసలు వద్దు. హోటలు పార్సెలు డబ్బాలు చాలావరకు 5, అంటే పాలీప్రొపిలీన్. వేడికి కాస్త తట్టుకుంటాయి, గీతలు పడ్డాక స్క్రూలకీ బొత్తాలకీ మార్చండి. నల్ల కవర్లు ఏ చెత్త ప్లాస్టిక్కు కరిగించి చేశారో తెలియదు, కూరగాయ తొక్కలకి తప్ప తిండికి పెట్టకండి. పురుగుమందు డబ్బాలూ, ఫినాయిలు సీసాలూ ఎంత కడిగినా ఇంట్లోకి రానివ్వకండి. వీటి విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు.

సర్దకండి, చీటీలు అంటించకండి

ఒకే రంగు, ఒకే సైజు డబ్బాల సెట్టు కొనుక్కుని అన్నీ అందులో పోసి పేర్లు రాసి అంటించడం ఇప్పటి పద్ధతి. మానెయ్యండి. గాజుసీసాలో మినప్పప్పు మినప్పప్పులాగే కనిపిస్తుంది. పిల్లలు పేరు చదివి కాకుండా గింజ చూసి పప్పులు గుర్తుపడతారు. శనగపప్పుకీ కందిపప్పుకీ తేడా తెలియకుండా ఇంజనీర్లయిన పిల్లల్ని నేను చూశాను, వాళ్ళ ఇళ్ళల్లో డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయి. వేరువేరు ఎత్తుల సీసాలు వరసలో బాగుండవంటారు. చెయ్యి చీకట్లో కూడా పొట్టి సీసాని పట్టుకుంటుంది, అందులో ఆవాలుంటాయి. కరెంటు పోయినప్పుడు ఆ వరస అందం తెలుస్తుంది.

పిల్లలకి ఉపన్యాసాలు చెప్పవద్దు. బియ్యం బస్తా వచ్చిన రోజు కుట్టు ఊడదీసే పని వాళ్ళకి ఇవ్వండి. ఒకసారి దారం మొత్తం ఒక్క లాగుడుకి వచ్చాక వాళ్ళే వచ్చే నెల బస్తా కోసం ఎదురు చూస్తారు. మా అమ్మాయి అలాగే నేర్చుకుంది. ఇప్పుడు డల్లాసులో ఉంటుంది. పెరుగు డబ్బాలు కడిగి కూరలు పెట్టుకుంటుంది, జిప్పు కవర్లు తిరగేసి కుళాయికి తగిలించి ఆరేస్తుంది. బాస్మతి బియ్యం సంచికి అక్కడ చేతిపట్టీలు కూడా ఉంటాయట, ఇండియా వచ్చేటప్పుడు అవే పట్టుకొస్తుంది. మొదట్లో అక్కడి స్నేహితురాళ్ళు అడిగారట, నువ్వూ మీ అమ్మలా తయారయ్యావేమిటని. అయ్యానంది.

భర్తలతో వచ్చే గొడవకి సిద్ధంగా ఉండండి. “ఇంకా ఎన్ని సీసాలు?” అంటారు. జవాబు చెప్పవద్దు. అమ్మ చెప్పేది కాదు. “పడుండనీ, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది” అని సీసా లోపలికి నెట్టేసేది. దానికి ఎదురు వాదన ఎవరూ కనిపెట్టలేదు. స్థలం చాలకపోతే కొత్త బట్టలు కొనడం ఆపండి. ఇల్లు మారేటప్పుడు లారీవాళ్ళు ఖాళీ సీసాల పెట్టె చూసి మొహం చిట్లిస్తారు, అయినా ఎక్కించండి. దుప్పట్లు ఆ సీసాల మధ్య కుక్కితే దుప్పట్లకి వేరే పెట్టె అక్కర్లేదు.

ఇక చివరి సంగతి, ఇవ్వడం. సీసాలు దాచుకునేది ఇవ్వడానికే. వదినగారింటికి గోంగూర పచ్చడి, పక్క ఫ్లాటు పెద్దావిడకి కారప్పొడి, హాస్టలుకి వెళ్ళే కుర్రాడికి నువ్వుల ఉండలు. ఇంట్లో సీసా లేకపోతే ఇవన్నీ మనసులోనే ఉండిపోతాయి. కొత్త డబ్బా ఇవ్వాలంటే చెయ్యి ఒకసారి ఆగుతుంది, కాఫీ సీసా అయితే ఆగదు. కాబట్టి మీ దగ్గరున్నవాటిలో బాగున్న సీసాలోనే పెట్టి ఇవ్వండి, మిగిలిపోయిన పాతదాంట్లో కాదు. కానీ సీసా తిరిగి అడగండి. చిన్నతనమేమో అని ఊరుకోకండి. మా అమ్మ ఫోన్లో ముందు ఆరోగ్యం అడిగి, పిల్లల్ని అడిగి, ఆ వెంటనే అడిగేది: “వదినా, మొన్న గోంగూర పంపిన సీసా ఖాళీ అయిందా?” అవతల ఎవరూ నొచ్చుకున్నది లేదు. అడిగారంటే మళ్ళీ ఏదో పంపబోతున్నారని వాళ్ళకి తెలుసు. ఆ సీసాలో వాళ్ళింటి నిమ్మకాయలో, నాలుగు కాకరకాయలో వచ్చేవి. మీరు తిరిగిచ్చేటప్పుడు కూడా ఖాళీగా పంపకండి, ఏమీ లేకపోతే పిడికెడు పంచదారైనా పొయ్యండి. ఇంకొకటి, సీసా గుర్తుపెట్టుకుని ఇచ్చేవాళ్ళు కూడా మూత మర్చిపోతారు. మూత కూడా అడగండి.